ఎడమచేతి పిడి

"ఇది కూడా చీలిందంటే, ఆ పేడు పిల్ల అరచేతిలో దిగి, లోపల చీము పట్టి, చివరికి చెయ్యే తీసేయాలంటారు, చూస్తూ ఉండు బాబాయ్."

వడ్రంగి తలెత్తలేదు. తలుపు చట్రానికి చిత్రిక పడుతూనే, "ముందు ఉలి పట్టుకో టైలరమ్మా. చెయ్యి తీసే డాక్టరు సంగతి తరవాత చూద్దాం," అన్నాడు.

ఆమె ఉలి పట్టుకుంది. కత్తెర పట్టి పట్టి బొటనవేలి మొదట్లో కాయకాసిన చెయ్యి అది. ఎంత పదునైన కత్తెరైనా ఆమె చెప్పినట్టు వినేది. ఉలి మాత్రం వినడం లేదు. ఇటు రమ్మంటే అటు పోతోంది, పైపైన గీరమంటే లోపలికి దిగబడుతోంది. కళ్ళజోడు మీద పొట్టు పడితే కొంగుతో తుడుచుకుంటే, కొంగుకున్న పొట్టు కూడా అద్దానికే అంటుకుంది. మసకలోనే చెక్కింది.

సందు చివర రేకుల షెడ్డు అది. బల్లలో ఒక మూల ఆమెకిచ్చి వడ్రంగి తన పని తాను చేసుకుంటాడు. కొన్నాళ్ళుగా ఆమె కుట్టుమిషను తెరిచే ముందు ఇక్కడికి వస్తోంది. ఇవాళ మిషను తెరవనే లేదు. కుట్టాల్సిన బడి యూనిఫారాలు ఇంట్లో మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి. సాయంత్రం కూతురు సెలెక్షన్ క్యాంపుకి వెళ్ళాలి. ఎయిర్ పిస్టల్ పట్టి గురి కాల్చే పిల్ల. క్లబ్బు వాళ్ళిచ్చిన పిస్టల్‌కి ఉన్న పిడి ఎవరో పెద్దమనిషి కుడిచేతికి చేసింది. పిల్లది ఎడమచెయ్యి, పైగా చిన్న చెయ్యి. చేతికి సరిపడే పిడి లేకుండా వస్తే ఈసారికి నీ బదులు ఇంకొకరిని నిలబెడతానని కోచ్ ఖరాఖండిగా చెప్పేశాడు. సెలెక్టయిన వాళ్ళు ఇంక అటునుంచి అటే హాస్టల్లో ఉండిపోతారట. ఆ మాట విన్న రోజునుంచీ తల్లికి అన్నం గొంతు దిగడం లేదు. ఇంటాయన లారీ మీద పోతాడు, ఫోను ఎత్తకపోతే ఏ లోయలో ఉన్నాడోనని వణుకు. దానికి తోడు ఇప్పుడు ఇదొకటి.

విరిగిన మంచం కోడు కోయించి మొదట చేసిన పిడి నిలువునా చీలింది. రెండోది వదులయింది. బంకమట్టి ముద్దని పిల్లచేత పిసికించి, ఆ గుంటలు చూసుకుంటూ మూడోది చెక్కుతోంది. చూపుడువేలికి చెక్క తగలకూడదు, తగిలితే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు గురి కదులుతుందట. మిగతా మూడు వేళ్ళకీ గాడులు, బొటనవేలు ఒరగడానికి పల్లం, అరచేతి అంచు ఆనుకోడానికి కింద ఒక చిన్న మెట్టు. గరుకు కాగితం పెట్టి రుద్దుతూ ఉంటే బాగానే వచ్చినట్టు కనిపించింది. మనసు కాస్త కుదుటపడబోయింది. పడకుండా ఆపుకుంది, దిష్టి తగులుతుందని.

కూతురు సంచీ తగిలించుకుని వచ్చింది. చేతిలో పిస్టల్ పెట్టె.

"దాన్ని ఇటు తిప్పకు," అంది తల్లి.

"ఇందులో గుండు లేదమ్మా, గాలీ లేదు."

"లేకపోతే మాత్రం? దాని బుద్ధి ఏమిటో మనకేం తెలుసు?"

పిల్ల నవ్వలేదు. పిడిని స్క్రూతో బిగించి, గోడకున్న మేకువైపు తిరిగి నిలబడింది. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి, తెరిచి చూసుకుంది. పిడి కుదిరితే, కళ్ళు తెరిచేసరికి గురి మేకు మీదే ఉండాలి. గురి పక్కనున్న రంపం మీదకి పోయింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ రంపమే. చెయ్యి దించి పిడిని అరచేతిలో అటూఇటూ ఆడించింది. ఎండిన కాయలో గింజలా ఆడింది.

"మళ్ళీ వదులే."

"కొంచెమేగా. పెరిగే చెయ్యి అని..." అంటూ ఆగిపోయింది తల్లి.

అదీ సంగతి. ఆమె కుట్టిన గౌను ఏ పిల్లకీ మొదటి ఏడాది సరిపోదు. అంచు లోపలికి మడిచి, పక్కలు వదిలి, వచ్చే ఏటికి కూడా పనికొచ్చేట్టు కుడుతుంది. పేరొచ్చిందే ఆ వదులు వల్ల. ఉలి పట్టినా చేతులు అదే పని చేశాయి. పెన్సిల్ గీత దగ్గర ఆగాల్సింది ఆగలేదు.

"పెరిగే చెయ్యేమిటమ్మా? నేను పెరగడం అయిపోయింది! గౌను కాదిది, కాస్త ఆడితే చాలు, గుండు ఎక్కడికో పోతుంది. ఎన్నిసార్లు చెప్పాను? ఒక్కమాట చెప్పు. నేను సెలెక్టవ్వాలని నీకుందా, లేదా? కావాలనే వదులు పెడుతున్నావా?"

వడ్రంగి చిత్రిక పక్కన పెట్టాడు.

తల్లి కళ్ళజోడు తీసి కొంగుతో తుడవసాగింది. పిల్ల చూసి చూసి పిస్టల్ బల్లమీద పెట్టి, బయటికి పోయి, గుమ్మం మీద అటు తిరిగి కూర్చుంది.

తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆకురాయి తీసి విసిరింది, అది జిగురు డబ్బాకి కొట్టుకుని కిందపడింది. కోచ్ మీద మండింది, మంచం కోడు మీద మండింది, ఇన్నేళ్ళూ తిండి పెట్టిన తన చేతుల మీదే ఎక్కువ మండింది. మనసులో లేకుండానే చేతులు ఈ పని చేశాయా? పిడి కుదరకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది కదా. ఆ ఊహ తట్టగానే బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తట్టిందో, ఎప్పటినుంచో అక్కడే ఉందో తేల్చుకోలేకపోయింది.

"డబ్బాకి సొట్టపెట్టావు, పోనీలే," అన్నాడు వడ్రంగి. "చెక్కేసిన చెక్క తిరిగి రాదు. రంపపుపొట్టు జిగురులో కలిపి ఆ గుంటల్లో మెత్తు. అతుకు వేయడం నీకు నేను నేర్పాలా?"

"కొత్తదానికి అతుకా బాబాయ్? నవ్వరూ?"

"నవ్వితే పళ్ళు కనిపిస్తాయి. మెత్తు."

జిగురూ పొట్టూ పిండిముద్దలా కలిపి గుంటల్లో అద్దింది. పిల్లని పిలవడానికి ధైర్యం చాలక వడ్రంగినే పిలవమంది. పిల్ల వచ్చి, ఎడమచేతికి నూనె రాయించుకుని, పలచటి ప్లాస్టిక్ చుట్టించుకుంది.

"అతుక్కుపోతే?" అంది తల్లి.

"అతుక్కుంటే మంచిదేనమ్మా, ఇంక వదులుండదు," అంది పిల్ల విసురుగా.

పిడిని బిగించి పట్టుకుని చెయ్యి చాచింది. జిగురు గట్టిపడేదాకా అలాగే ఉండాలి.

కూతురు కాల్చడం తల్లి ఒక్కసారీ చూడలేదు. చప్పుడు భయం, చూడబోతే ఏదో ఒకటి జరుగుతుందని భయం. ఇప్పుడు తప్పించుకోడానికి లేదు, పక్కనే నిలబడి అంచుల్లోంచి పొంగిన జిగురు తుడవాలి. గ్లాసు అందుకుంటే జారవిడిచే పిల్ల, తలుపు వేస్తే వేలు నలుపుకునే పిల్ల. ఆ చెయ్యి కదలడం లేదు. ఊపిరి సగం వదిలి ఆపినప్పుడు మణికట్టు మీద నాడి ఒక్కటే కొట్టుకుంటోంది. పిల్ల కళ్ళు మేకు మీద ఉన్నాయి. షెడ్డులో ఎవరూ లేనట్టే ఉన్నాయి. బయట ఎవరిదో బండి దబ్బున ఆగింది. తల్లి ఉలిక్కిపడింది. పిల్ల చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది.

తల్లి చాలాసేపటినుంచి తుడవడం మానేసిందని వడ్రంగి గమనించాడు.

జిగురు ఆరాక ప్లాస్టిక్ ఊడదీసి, అంచులు రుద్దింది. ఈసారి గీత దాకా వచ్చి చెయ్యి ఆపుకుంది. ఆపుకోడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుని ఎత్తి, తెరిచింది. మళ్ళీ ఎత్తి తెరిచింది. రెండుసార్లూ మేకే. పిస్టల్ పెట్టెలో పెట్టుకుంది.

బయట క్యాంపు వ్యాను హారను కొట్టింది.

"కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. తలుపు పక్కన కూర్చోకు. ఎవరేమిచ్చినా తినకు. వాంతి వస్తే ముందే చెప్పు, ఆపుతారు," అంటూ తల్లి వెంటపడింది. పిల్ల అన్నిటికీ ఊకొట్టింది. ఎక్కేముందు ఒక్కసారి తల్లి మొహంలోకి చూసింది. తల్లి, "మంచినీళ్ళు పెట్టుకున్నావా?" అంది. వ్యాను వెళ్ళిపోయింది.

షెడ్డుకి తిరిగొచ్చి చీపురు తీసుకుంది. పొట్టంతా ఒక మూలకి ఊడ్చేసరికి ఫోను మోగింది. తీసేలోపే వ్యాను బోల్తాపడడం, గాజుపెంకులు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి.

"ఏమైందే? టైరు పేలిందా?"

"ఏం కాలేదమ్మా. ఇంకా ఊరే దాటలేదు." కాసేపు ఇంజను మోత వినిపించింది. "నేనడిగింది నువ్వు చెప్పలేదు."

తల్లి గోడవైపు తిరిగింది. మేకు చూసింది, పక్కన రంపం చూసింది. వడ్రంగి సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, తాళం ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. పిల్ల ఫోను పెట్టేయలేదు. ఎవరో పాట పెట్టారు, ఎవరో ఆపమన్నారు.

"ఇందాక నువ్వడిగినప్పుడు లేదే," అంది తల్లి చివరికి. "ఇప్పుడుంది."

బల్ల అంచుకి, చేతికి నూనె రాయించుకునే ముందు పిల్ల జడ విప్పి ముడి వేసుకుంటూ తీసిపెట్టిన జడ రబ్బరు, ఒక పొడుగాటి వెంట్రుకతో సహా అలాగే వేలాడుతోంది.