గవర్రాజు గొంతులో గొట్టం

నేను ఒక శిక్షణ బొమ్మను. తల, మెడ, ఛాతీ, పొట్ట. అంతటితో సరి. కాళ్ళూ చేతులూ పెట్టలేదు నాకు, పారిపోతానని కాబోలు. ఎక్కడో ఉత్తరాది ఫ్యాక్టరీలో రబ్బరు పోసి, నోట్లో పళ్ళు బిగించి, గొంతులో రెండు దారులు పెట్టారు. ముందుది ఊపిరితిత్తులకు, వెనకది పొట్టకు. ఊపిరాడని రోగికి నోట్లోంచి గొట్టం ఎలా దించాలో డాక్టర్లు నా మీద నేర్చుకుంటారు. దారి తప్పితే నా పొట్ట ఉబ్బుతుంది. దాచడం నాకు రాదు.

మొదట ఒక మెడికల్ కాలేజీ కొంది. అక్కడి కుర్రకారు నాకు నల్లద్దాలు పెట్టి ఫొటోలు దిగారు. తర్వాత గోదావరి జిల్లాలో ఒక ఆసుపత్రికి చేరాను. నర్సు మంగతాయారు నాకు గవర్రాజు అని పేరు పెట్టింది. అది ఎవరి పేరో తెలియదు. పెట్టేటప్పుడు మాత్రం పళ్ళు కొరికింది.

అక్కడ ఎమర్జెన్సీ డాక్టర్లకు ఏటా రెండు రోజుల శిక్షణ. నేర్చిన విద్య పాతబడకూడదని. ఏర్పాటు మంచిదే. సంతకం పెట్టినవాళ్ళు కాఫీకి వెళ్తారు, కాఫీకి వెళ్ళినవాళ్ళు భోజనాల దగ్గర దొరుకుతారు.

క్యాజువాలిటీ పెద్ద ఉమాకాంతం గారు. పెద్దవాళ్ళకు పరీక్ష పెట్టడం అక్కడ ఆనవాయితీ కాదు. ఆయన జ్యోతి వెలిగిస్తారు, ఉపన్యాసమిస్తారు, తర్వాత నా తల దగ్గర చేతులు కట్టుకు నిలబడి, "ఊఁ, ఇంకాస్త ఎత్తవయ్యా" అంటారు. గొట్టం వేసేది కుర్ర డాక్టరు. పాసయ్యేది ఇద్దరూ. క్యాజువాలిటీలోనూ అంతేనని నా అనుమానం.

ఈసారి నియమం మారింది. స్వయంగా వేసి చూపించనివాళ్ళకు క్యాజువాలిటీ డ్యూటీ ఉండదు. పరీక్ష పెట్టడానికి విశాఖ నుంచి డాక్టర్ హైమవతి వచ్చింది. ఒకప్పుడు ఉమాకాంతం గారి శిష్యురాలు. ఆయనకు క్యాజువాలిటీయే లోకం. ఇల్లు గుర్తొచ్చేది నిద్రొచ్చినప్పుడే.

"ముందు ఎవరొస్తారు?" అంది హైమవతి.

హాలంతా ఫోన్లలోకి తల దూర్చింది. ఉమాకాంతం గారు లేచారు. కుర్ర డాక్టరు ఫణీంద్ర గబగబా వచ్చేశాడు.

"మీరు చెప్పండి సార్, నేను వేసేస్తా."

"సారే వెయ్యాలి ఫణీంద్రా," అంది హైమవతి.

నాలుకను ఎత్తిపట్టే పరికరం నా నోట్లోకొచ్చింది. దాని చివరి లైటు నా గొంతులో దారి వెతికింది. ఆయన చెమట చుక్క నా ముక్కు మీద రాలింది. గొట్టం దిగింది. గాలిసంచి నొక్కారు. ఛాతీ కదల్లేదు. నా పొట్ట లేచింది, పెళ్ళిభోజనం చేసినవాడిలా.

"బొమ్మ పాడైపోయింది మేడమ్," అన్నాడు ఫణీంద్ర. "మొన్న నాకూ ఇలాగే అయ్యింది."

"అవునండి, దీని మెడ లూజయిపోయిందండి," అంది మంగతాయారు.

నా గొంతు చీలిపోయిందని ఇంకెవరో అన్నారు. ప్రేమకొద్దీ ఆడే అబద్ధాలకు మనుషులు నోరులేనివాణ్ణే వెతుక్కుంటారు. నాకు నోరుంది గానీ, అప్పటికి అందులో గొట్టముంది.

ఆయన ఔనంటే చాలు. కొత్త బొమ్మ వచ్చేదాకా పరీక్ష వాయిదా పడుతుంది, క్యాజువాలిటీ ఆయన చేతిలోనే ఉంటుంది.

"గవర్రాజు బాగానే ఉన్నాడు," అన్నారు ఉమాకాంతం గారు. "నా చెయ్యే మొద్దుబారింది."

హైమవతి కళ్ళు దించుకుంది. "అయితే పాసయ్యేదాకా డ్యూటీ లేదు సార్."

"తెలుసమ్మా. నేర్పుతావా మరి?"

"మధ్యలో ఉపన్యాసం ఇవ్వకపోతే."

"కష్టవే," అన్నారాయన. "ప్రయత్నిస్తా."

ఆ మధ్యాహ్నం ఆయన కాఫీకి వెళ్ళలేదు. నా పన్ను ఒకటి ఊడింది. పొట్ట లేస్తూనే ఉంది.

"మణికట్టు వంచకండి సార్. వంచకుండా పైకి ఎత్తండి."

"చదువుకునేటప్పుడు నీకింత కోపం లేదే?"

"అప్పుడు మీరు మాట్లాడేవారు, నేను చేసేదాన్ని."

ఆయన మణికట్టు వంచకుండా మళ్ళీ ఎత్తారు. మర్నాడు సాయంత్రానికి నా ఛాతీ లేచింది. హైమవతి మళ్ళీ వెయ్యమంది. లేచింది. మళ్ళీ వెయ్యమంది. చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుని, పాసయ్యారన్నట్టు తల ఊపింది.

అంతలో ఒక వార్డుబాయ్ తలుపు తోసుకొచ్చాడు. "సార్, ఎవరో పడవలోంచి పడిపోయాడంటండి, ఊపిరందట్లేదు."

"నేను వేస్తా. నువ్వు గాలిసంచి పట్టుకో ఫణీంద్రా," అని ఉమాకాంతం గారు పరుగు తీశారు. వెనకే ఫణీంద్ర. ఆయన పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి మంగతాయారు లైట్లు ఆపడానికొచ్చింది. "బతికాడ్రా గవర్రాజూ. సారే వేశారు," అని నా చెంప తట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా చోటికి కంప్యూటర్ బొమ్మ వచ్చింది. అది మూలుగుతుంది, దగ్గుతుంది కూడా. నేను స్టోర్ రూములో చక్రం ఊడిన స్ట్రెచర్ మీద పడుకున్నాను. ఆ సాయంత్రం హడావిడిలో నా మూతికి అంటిన, గొట్టం జారడానికి రాసే జెల్లీ ఎవరూ తుడవలేదు. అలాగే ఎండిపోయింది. నాకేం కోపం లేదు. నా ప్రాణం ఎన్నిసార్లు పోయినా మళ్ళీ మొదటినుంచి మొదలెట్టవచ్చు. అక్కడ క్యాజువాలిటీ బల్ల మీదున్నవాడికి ఆ వీలు లేదు.