చెవిటి గది

జైలు ఫాదర్‌కు ఆ పేరు పెట్టింది ఖైదీలు కాదు, తోటి క్రైస్తవ గురువులు. బిషప్ గారి ఏలుబడిలో ఉన్న మేత్రాసనంలో తలా ఒక హోదా ఉండేది. ఒకాయన కాలేజీ ప్రిన్సిపాలు, ఒకాయన ఆసుపత్రి డైరెక్టరు, ఇంకొకాయనకు ఊరి నడిబొడ్డున పెద్ద చర్చి. ఈయనకు మాత్రం ఊరి చివర సెంట్రల్ జైలు దక్కింది. మొదట్లో వెక్కిరింతకే అలా పిలిచారు. ఆయన దాన్ని బిరుదులా తగిలించుకుని ఏళ్ళ తరబడి తిరిగేసరికి వెక్కిరించినవాళ్ళకే ఆయన అసలు పేరు గుర్తు లేకుండా పోయింది.

జైల్లో ఆయనకిచ్చిన గది ఒకప్పుడు దుప్పట్లు దాచుకునేది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు సిలువ, ఎప్పుడూ వదలని ఫినాయిలు వాసన. ఖైదీలు పాపసంకీర్తనానికి అక్కడికే వచ్చేవాళ్ళు. చేసిన తప్పులు గురువు చెవిలో చెప్పుకుని, దేవుడి క్షమాపణ పొంది వెళ్ళేవాళ్ళు. వినేముందు ఫాదర్ జేబులోంచి ఊదారంగు స్టోల్ తీసి, ముద్దు పెట్టుకుని, మెడలో వేసుకునేవాడు. ఆ పట్టీని ఆయన గురువైన ఏడాది అక్క చేత్తో కుట్టి ఇచ్చింది. రెండు కొసల్లోనూ పసుపు దారంతో సిలువ కుట్టబోయింది కానీ దారం మధ్యలో అయిపోతే రెండోదాన్ని తెల్ల దారంతో ముగించేసింది. "దేవుడేం దారం రంగు చూస్తాడా?" అని దబాయించింది కూడా. ఆ సగం పసుపు, సగం తెలుపు సిలువ జైల్లో తెలియనివాడు లేడు.

కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఫాదర్ ఒకే మాట చెప్పేవాడు. "ఇది నా మెడలో ఉన్నంతసేపూ ఈ గది చెవిటిది. నువ్వు చెప్పింది జడ్జి అడిగినా చెప్పను, పోపుగారు అడిగినా చెప్పను. ఇది తీసేశాక మాత్రం నాకేం చెప్పకు. బయట నాకు నోరు ఎక్కువ."

వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ తర్వాత నమ్మేవాళ్ళు. వడ్రంగి ఒక్కడే ఏళ్ళు గడిచినా ఆ కుర్చీలో కూర్చోలేదు. యజమాని కలప దుకాణం తగలబెట్టిన నేరం మీద వచ్చినవాడు. జైలు వర్క్‌షాపులో బల్లలు చేసేవాడు, పూజకు వచ్చి వెనక నిలబడేవాడు. గది గుమ్మం దాకా వచ్చి చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ ఆగిపోయేవాడు. "ఒకటుంది ఫాదర్. కడుపులో పెట్టుకుని మోస్తున్నాను. ఇవాళ కాదు," అనేవాడు. ఫాదర్ తొందరపెట్టలేదు. కానీ ఎప్పుడో ఒకనాడు వాడు లోపలికి అడుగుపెట్టాలని మాత్రం రోజూ ప్రార్థించేవాడు.

వాడు అడుగుపెట్టక ముందే సర్కారు అడుగుపెట్టింది. జైల్లో జరిగే ప్రతి సంభాషణనూ వినే హక్కు అధికారులకు ఇస్తూ కొత్త చట్టం వచ్చింది. ఒక ఉదయం ఫాదర్ వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని, సిలువకు కాస్త పైన చిన్న నల్ల పెట్టె బిగిస్తున్నారు. సూపరింటెండెంటు మర్యాదస్తుడు. ఎదురొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"మీ మీద అనుమానం కాదు ఫాదర్. అందరికీ ఒకే రూలు."

"మాకు మాత్రం ఇంకో రూలుంది. మీ చట్టం కన్నా పాతది."

"మరి ఎలాగండీ?"

"పెట్టె తీస్తారా, నన్ను తీస్తారా?"

సూపరింటెండెంటు నిచ్చెన మీదివాళ్ళ వైపు చూశాడు, ఆపమనలేదు. ఫాదర్ బయటికొచ్చి, పనికి వెళ్తున్న ఖైదీల వరసకు ఎదురుగా నిలబడి, స్టోల్ పైకెత్తి చూపించాడు. "ఆ పెట్టె పీకేదాకా ఇది లోపలికి రాదు. ఇది రానంతవరకూ ఆ గదిలో ఎవరూ నోరు విప్పకండి," అని గట్టిగా చెప్పాడు. వరసలో వడ్రంగి కూడా ఉన్నాడు. ఆ రోజుతో ఫాదర్‌కు జైలు తలుపు మూసేశారు.

బిషప్ గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆయన మాట్లాడితే ఎవరైనా కరగాల్సిందే. అలాంటి గొంతు ఆయనకు దేవుడిచ్చాడు. దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం పాపం ఆయనకే వదిలేశాడు. బిషప్ పీఠం ఉన్న చర్చి ముందు మైదానం నిండా జనం. "మనిషి తన దేవుడితో చెప్పుకునే గుసగుస మీద కూడా సర్కారు చెవి పెడితే, మతస్వేచ్ఛ అనే మాటకు అర్థమేముంది?" అని గర్జించారు. పక్కన నిలబడ్డ జైలు ఫాదర్ చెయ్యి పట్టుకుని పైకెత్తారు. "ఈయన ఒంటరివాడు కాదు. మేత్రాసనం మొత్తం ఈయన వెనక ఉంది." మైదానం చప్పట్లతో మారుమోగింది. ఎప్పుడూ కళ్ళు తడవని జైలు ఫాదర్ ఆ రోజు చేతిరుమాలు వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళు దుప్పట్ల గదిలో తను చేసినది ఇంతమందికి ముఖ్యమని ఆయనకు మొదటిసారి అనిపించింది.

మేత్రాసనం తరఫున కోర్టులో కేసు వేశారు. అది ఎలా నడుస్తోందో ఫాదర్‌కు కబురు మోసుకొచ్చేవాడు ఆయన మేనల్లుడే. స్టోల్ కుట్టిన అక్క కొడుకు, ఫాదర్ చేతుల మీద పెరిగి గురువైనవాడు, ఇప్పుడు బిషప్ గారి కార్యదర్శి. చురుకైనవాడు, ఇస్త్రీ నలగనివాడు.

"బాగా నడుస్తోంది మామయ్యా. మీరు మాత్రం జైలు వైపు వెళ్ళకండి, పేపరు వాళ్ళతో మాట్లాడకండి. బిషప్ గారి మాటగా చెబుతున్నాను."

బిషప్ మాట అంటే ఫాదర్‌కు ఇక చర్చ లేదు. విధేయత ప్రమాణం చేసిన మనిషి. నోటికి తాళం వేసుకుని గదిలో కూర్చున్నాడు. పులి బోనులో పడ్డట్టు కూర్చున్నాడని వంటమనిషి అందరికీ చెప్పుకుంది.

ఒకనాడు మేనల్లుడు మామూలు కన్నా మెత్తగా వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మామయ్యా, అమ్మ కుట్టిన స్టోల్ నాకిస్తారా?"

"ఇప్పుడెందుకురా?"

"నేనూ పాపసంకీర్తనాలు వింటున్నాను కదా. అమ్మ చేతిది మెడలో ఉంటే బాగుంటుందనిపించింది."

అక్క పోయిన తర్వాత వీడి నోట అమ్మ అన్న మాట ఫాదర్ వినలేదు. ఆయన గుండె వెన్నలా కరిగిపోయింది. తన అనంతరం అది ఎలాగూ వీడిదే అనుకుంటున్నాడు. డ్రాయరులోంచి తీసి, మడత సరిచేసి, ముద్దు పెట్టుకుని, తనే వాడి మెడలో వేశాడు. వాడు వంగి కాళ్ళకు దండం పెట్టాడు. తలెత్తినప్పుడు కళ్ళలోకి చూడలేదు. సిగ్గుపడుతున్నాడని మురిసిపోయాడు మామయ్య. సిగ్గు నిజమే, దేనికన్నదే ఆయనకు తెలియలేదు.

తర్వాత కొన్ని ఆదివారాలకు పీఠం చర్చిలో పూజ ముగిసే ముందు బిషప్ గారు మైకు దగ్గరికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. "సర్కారుతో సామరస్యంగా ఒప్పందం కుదిరింది. మన బళ్ళలో మన పిల్లలకు ఉపదేశం చెప్పుకునే హక్కు నిలబడింది. కేసు ఉపసంహరించుకున్నాం. మతస్వేచ్ఛ గెలిచింది." చప్పట్లు మోగాయి. ఫాదర్ కూడా చప్పట్లకు చేతులు కలిపాడు. జైలు మాట వస్తుందని చూశాడు. అది రాకుండానే ముగింపు పాట మొదలైంది. ఆయన చేతులు అలాగే కలిసి ఉండిపోయాయి.

నేరుగా బిషప్ గారి బంగళాకు వెళ్ళాడు. హాల్లో ఆ మైదానం ఫొటో పెద్దది కట్టించి పెట్టారు. అందులో బిషప్ గారు, గాల్లో జైలు ఫాదర్ చెయ్యి. దాని కిందే బిషప్ గారు కూర్చుని ఉన్నారు, పక్కన మేనల్లుడు నిలబడి ఉన్నాడు.

"పెట్టె తీశారా బిషప్ గారూ?"

"కూర్చోండి ఫాదర్."

"తీశారా?"

బిషప్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కొన్ని వదులుకుంటేనే కొన్ని దక్కుతాయి. మన బళ్ళలో ఎంతమంది పిల్లలున్నారో ఆలోచించండి. జైల్లో ఎంతమందున్నారు? అయినా మన సేవ ఆగలేదు. వారం వారం జరుగుతూనే ఉంది."

"ఎవరు చేస్తున్నారు?"

మేనల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నువ్వా?" అన్నాడు ఫాదర్.

"విధేయత ఫాదర్," అన్నాడు వాడు. ఇంట్లో మామయ్య, ఇక్కడ ఫాదర్. ఆ తేడా ఆ రోజు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"పెట్టె వింటుందని వాళ్ళకు చెప్పావా?"

"గుమ్మం పక్కన నోటీసు అంటించారు."

"అందులో సగం మందికి చదువు రాదు. నోరు విప్పి చెప్పావా?"

"చెబితే ఎవరు వస్తారు?" అన్నాడు మేనల్లుడు. "మొదటి రెండు వారాలు ఒక్కరూ రాలేదు. మీరు స్టోల్ గురించి ఏదో అన్నారట. అది లేకుండా నోరు విప్పేది లేదన్నారు వాళ్ళు. సేవ జరుగుతోందని చూపించకపోతే ఒప్పందం..." అని ఆగిపోయాడు.

ఇక ఫాదర్‌కు అంతా తెలిసిపోయింది. వాడు అడిగింది అమ్మ జ్ఞాపకాన్ని కాదు. ఆ గది తలుపు తెరిచే తాళంచెవిని అడిగాడు. తనే దాన్ని ముద్దు పెట్టుకుని మరీ వాడి మెడలో వేశాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. సర్కారు ఆయన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు, తలుపు మూస్తానని చెప్పి మూసింది. తన చెయ్యి పట్టుకుని పైకెత్తినవాడు, తను ఎత్తుకుని పెంచినవాడు కలిసి ఈ పని చేశారు.

"మీ అమ్మ ఆ సిలువ తెల్ల దారంతో ఎందుకు ముగించిందో తెలుసా?" అన్నాడు మేనల్లుడితో. "దారం లేక. నీలాగా ఎవర్నీ మభ్యపెట్టడానికి కాదు." ఫొటో వైపు చూశాడు. "ఆ చెయ్యి నాది బిషప్ గారూ. దాన్ని గోడ మీంచి దించేయండి."

బిషప్ గారు ఏదో అంటూనే ఉన్నారు. ఫాదర్ వినలేదు. జైలు వైపు వెళ్ళవద్దన్న ఆజ్ఞ గేటు దగ్గర గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆగలేదు.

మర్నాడు ములాఖత్ రోజు. ఖైదీలను చూడ్డానికి వచ్చిన తల్లుల, పెళ్ళాల వరసలో ఆయనా నిలబడ్డాడు. కాపలావాడు చూసి కంగారుపడ్డాడు. "మీరు ఈ లైన్లోనా ఫాదర్?" ఆయన వడ్రంగి పేరు చెప్పాడు. అందరికన్నా ముందు వాడి గురించే ఆయనకు భయం వేసింది. వాడింకా గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉండాలని దారి పొడుగునా దేవుణ్ణి బతిమాలుకుంటూ వచ్చాడు.

వడ్రంగి ఇనుప జాలీకి అవతల కూర్చున్నాడు. నమస్కారం పెట్టలేదు.

"మీరు గెలిచారనుకున్నాం ఫాదర్," అన్నాడు.

"పెట్టె అక్కడే ఉంది, చూశాను. కానీ ఆ కొత్త ఫాదర్ మెడలో మీ స్టోల్ ఉంది. తెల్ల దారం కూడా చూసుకున్నాను. పెట్టె పీకేదాకా ఇది రాదన్నారు కదా మీరు. వచ్చిందంటే అది చచ్చిన పెట్టె అయ్యుంటుంది, తీయడానికి బద్ధకించి వదిలేశారనుకున్నాను. కూర్చున్నాను. అంతా చెప్పేశాను."

"ఏం చెప్పావని నేను అడగను."

"అడగక్కర్లేదు, ఇప్పుడు అందరికీ తెలుసు. దుకాణం తగలబెట్టినప్పుడు నా తమ్ముడు నాతో ఉన్నాడు. కోర్టులో నేనొక్కణ్ణే అన్నాను. వాడు పెళ్ళి చేసుకున్నాడు, ఒక పాప. నేనిక్కడున్నా వాడు బయటున్నాడు కదా అని బతికాను." వడ్రంగి తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "వాణ్ణి తెచ్చి పక్క బారక్‌లో పడేశారు."

ఫాదర్ జాలీ పట్టుకున్నాడు. దాచేదేమీ లేదు. కేసు వదిలేసిన సంగతి, అది తనకెవరూ చెప్పని సంగతి చెప్పాడు. "స్టోల్ మాత్రం నేనే ఇచ్చాను. నా చేత్తో. ఎందుకడిగాడో తెలియక ఇచ్చాను."

వడ్రంగి చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. చెక్క పలక తిన్నగా ఉందో లేదో చూసే చూపు అది.

"మీకు తెలియదు," అన్నాడు చివరికి. "సరే. నన్నూ నా తమ్ముడు అలాగే నమ్మితే బాగుండు. నీళ్ళ పంపు దగ్గర రోజూ అడుగుతాడు, అన్నయ్యా ఎవరికి చెప్పావని. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదురా అంటాను. ఉమ్మేసి వెళ్ళిపోతాడు. మీరొక్కసారి చెప్పండి ఫాదర్, నేను అమ్మలేదని. ఫాదర్ మాటంటే నమ్ముతాడేమో."

"పిలిపించు. చెబుతాను."

వడ్రంగి కాపలావాణ్ణి బతిమాలాడు. జైలు ఫాదర్ మీద గౌరవం కొద్దీ కాపలావాడు వెళ్ళాడు. ఇద్దరూ ఎదురుచూశారు. పక్క కుర్చీలో ఒక తల్లి కొడుకుతో ఇంటి పైకప్పు కారుతోందని చెబుతోంది. ఫాదర్ చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి వెళ్ళింది. జేబులో ఏమీ లేదు.

కాపలావాడు ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఫాదర్ గారు వచ్చారని చెప్పలేదా?" అన్నాడు వడ్రంగి.

"చెప్పాను," అన్నాడు కాపలావాడు నేల చూపులు చూస్తూ. "అందుకే రానన్నాడు."