మావయ్యగారి సీసపు తూటాలు

మావయ్యగారు రొయ్యల చెరువు గట్టు మీద బోర్లా పడుకుని రైఫిల్ గురి చూస్తున్నారు, ఆయన పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు, అయినా ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపించి పక్కనే చాప మీద కూర్చుంటాను. అవతలి గట్టు మీది గురిపలక ఒకసారి రెండు వందల గజాల దూరంలో ఉంటుంది, ఒకసారి చెయ్యి చాపితే అందేలా ఉంటుంది, మధ్యలో ఉన్నది నీళ్లో పొగమంచో తేలడం లేదు.

"గాలి పెద్దగా లేదు కదమ్మా హైమా" అంటారు, నేను కోడలిగా వచ్చిన ఏడు నాకు రైఫిల్ పట్టుకోవడం నేర్పినప్పటి గొంతుతోనే.

లేదండి అంటాను. చూస్తే మేం గట్టు మీద లేం, పెరటి వసారాలో ఉన్నాం, పొయ్యి మీద ఇనప మూకుడులో సీసం కరిగి మెరుస్తోంది, ఆయన గరిటెతో అచ్చులో పోస్తున్నారు, చల్లారిన గుండ్లను నేను గుడ్డ మీద పరుస్తున్నాను. ఇలా ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నామో. ఆయనకి దగ్గరి చూపు తగ్గాక తూటాల్లో తుపాకీ మందు కొలిచి పోసే పని నాదైంది.

ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లకి పైగా నా గొంతులోనే ఉంది. రైఫిల్ క్లబ్బులో ఆయన ఆడిన చివరి పోటీకి, అంత దూరానికి గుండు కిందికి దిగిపోతోందని, వేగం పెంచితే సూటిగా పోతుందని, ఆయన చెప్పిన కొలత మీద ఇంకాస్త మందు పోశాను, చెప్పకుండా. మెత్తటి సీసం ఆ వేగానికి తట్టుకోలేదు. గొట్టం లోపల గుండుని తిప్పి పంపే గాడుల్లో పట్టు తప్పి గుండ్లు తలోదిక్కూ పోయాయి, గురిపలక కాగితం మీద చిల్లులు చెల్లాచెదురుగా పడ్డాయి. చెయ్యి వణికిందని అందరితో నవ్వుతూ చెప్పి, ముప్ఫయ్యేళ్ల ఆటని ఆయన ఆ రోజుతో వదిలేశారు. ఆ ఏడు వానలు పడకముందే పోయారు.

"ఆ రోజు మీ చెయ్యి వణకలేదండి. మందు నేనే ఎక్కువ పోశాను."

ఆయన గరిటె పక్కన పెడతారు. "మొదటి తూటా పేలినప్పుడే తెలిసిందమ్మా. ఆ తన్ను నా భుజానికి తెలీదా?"

మరి పోటీ ఎందుకు ఆపలేదని అడుగుతాను.

"ఆపితే నలుగురిలో కారణం చెప్పాలి. ఆ తర్వాత నువ్వు మళ్లీ మందు ముట్టుకోవు. నాకు కప్పెందుకు, నా తర్వాత ఈ పని చేసేవాళ్లు కావాలిగానీ."

నాకు ఏడుపొస్తుంది. ఎవరైనా ఏడిస్తే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడవు, అందుకని ఎటో చూస్తూ, రేపటి నా పోటీకి ఎంత మందు పోస్తున్నావని అడుగుతారు, పోటీ ఉందని ఆయనకి ఎవరు చెప్పారో. చెబుతాను. పెదవి విరుస్తారు.

"నీ తొందర ఇంకా పోలేదు. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రా. చిల్లులన్నీ ఒకచోటికి చేరినప్పుడు ఆగు. గుండు కాస్త దిగితే దిగనీ, గురి కాస్త పైకి పెట్టుకుంటావు."

మిగతావాళ్ల తూటాలు చాలా వేగంగా పోతున్నాయండి అంటాను.

"పోనీలే అమ్మా. మనవి వెళ్లాల్సిన చోటికి వెళ్తే చాలదా?"

వసారా మళ్లీ చెరువు గట్టవుతుంది, రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి, ఆయన కొత్త కాగితం చుట్టి చంకన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, గురిపలక వైపు తాపీగా నడిచిపోతున్నారు, ఎంత నడిచినా ఆయన వీపు నాకు అంతే దగ్గరగా కనిపిస్తోంది.

మెలకువ వచ్చేసరికి భోజనాల బల్ల మీద తల ఆన్చి ఉన్నాను, మధ్యాహ్నం మూడు. లేచి ఆయన బీరువా తెరిచాను. ఆ చివరి పోటీ కాగితం చుట్ట ఇన్నాళ్లూ విప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ప్రతి పోటీ కాగితం వెనకా ఏదో ఒక మాట రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు. దీని వెనకా పెన్సిల్‌తో రాసి ఉంది: "మందు పిసరు ఎక్కువ. కోడలి చెయ్యి మంచిది."