సీరియస్ అని చెప్పమన్నారు

బుధవారం పొద్దున ఎనిమిదింటికి నాగేశ్వర ఫోన్ చేశాడు. ఇక్కడ గల్ఫ్‌లో మా ఇంట్లో పనిచేసే అంకాలమ్మకు తమ్ముడతను, రాజంపేట దగ్గర పల్లెలో ఉంటాడు. మా ఆయన రామ్మోహన్ అప్పటికే అహ్మదిలో పనికి కంపెనీ బస్సెక్కేశారు. మా అమ్మాయి శ్రేయ స్కూలుకు వెళ్ళిపోయింది.

"మా పెద్దక్క సచ్చిపోయిందమ్మా. తెల్లారుజామున గుండె నొప్పొచ్చింది," అన్నాడు. "చిన్నక్కకు ఆ మాట చెప్పొద్దు. సీరియస్‌గా ఉండాదని చెప్పి పంపీ. దోవలో తనకేమన్నా అయితే కష్టం. రేపు మధ్యాన్నం దాకా పెట్టుకోనుంటాం. కడచూపు సూసుకుంటాది."

సరేనన్నాను, రామ్మోహన్‌కు మెసేజ్ పెట్టాను. సాయంత్రం చెన్నై ఫ్లైట్ ఉంది. అది ఎక్కితే తెల్లారేసరికి ఊళ్ళో ఉంటుంది. ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రామ్మోహన్ పేరు మీదే కాబట్టి సెలవిచ్చేదీ మేమే. మధ్యాహ్నం మూడింటికి ఇంట్లోంచి బయల్దేరితే చాలు. ఇక మిగిలిందల్లా ఆ మాట చెప్పడం.

మనవాళ్ళలో చావు కబురును ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. నాలుగేళ్ళ క్రితం మా తమ్ముడు ఫణి పోయినప్పుడు నాకూ సీరియస్ అనే చెప్పారు. విమానంలో ఐదు గంటలు దుర్గమ్మకు మొక్కుకుంటూ కూర్చున్నాను. వాణ్ణి బతికిస్తే కొండకు నడిచొస్తానన్నాను. అప్పటికే వాడు ఐస్‌బాక్సులో ఉన్నాడు. ఆ మొక్కు గుర్తొస్తే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. అప్పటినుంచి లోపలెక్కడో మొద్దుబారిపోయింది. ఏడుపొచ్చే చోట ఆవలింత వస్తోంది.

వంటింట్లోకి వెళ్ళాను. అంకాలమ్మ బెండకాయలు తరుగుతోంది.

"మీ అక్కకు సీరియస్‌గా ఉందట, అంకాలమ్మా. సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్ళు. టికెట్ సార్ తీస్తారు."

కత్తి ఆపి నా మొహం చూసింది. తర్వాత నవ్వింది.

"నాగేశ్వర చేసినాడా మామా?" మా దగ్గరికి రాకముందు పదేళ్ళు ఇంటావిడను మామా అనే అరబ్బుల ఇళ్ళలో చేసింది కాబట్టి నన్నూ అలాగే పిలుస్తుంది. "పోయినేడు కూడా ఇట్లనే చెప్పినాడు. సీరియస్ అంటే మనకు తెలీదా, సచ్చిపోయిందనే అనుకున్యా. దోవంతా ఏడ్సుకుంటా పోతిని. పోయి సూస్తే మాయక్క అరుగు మీద కూచ్చోని చింతపండు గింజలు తీస్తాంది. 'ఉత్తినే రమ్మంటే వస్తావంటే నువ్వు' అనింది. ఇంగ నేను నమ్మను."

"ఈసారి నిజమేమోనే."

"కాదు మామా. దానికి నన్ను సూడల్లని బుద్ధి పుట్టింటాది. మార్చిలో పోతా గదా." అంటూ మళ్ళీ బెండకాయలు అందుకుంది. మొహం వెలిగిపోతోంది. తనను చూడాలని బెంగపెట్టుకునే మనిషి ఒకరున్నారన్న సంతోషం అది.

నాగేశ్వరకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చావింట్లో ఫోన్ ఎవరెత్తుతారు? చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ వెలుగు నా నోటితో ఆర్పడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత బట్టలు మడతపెట్టాను.

రెండున్నరకు శ్రేయ వచ్చింది. ఆరో తరగతి, అమెరికన్ సిలబస్. మర్నాడు క్లాసులో పాల్ రివియర్ గురించి మాట్లాడాలి. అన్నం తింటూనే నన్ను సోఫాలో కూర్చోబెట్టి మొదలుపెట్టింది. బోస్టన్‌లో ఉండే వెండి పనివాడు. ఇంగ్లీషు సైన్యం కదులుతోందని తెలిసి రాత్రికి రాత్రి నది దాటి, అరువు గుర్రమెక్కి, దారిలో ఇళ్ళన్నీ లేపుకుంటూ లెక్సింగ్టన్ చేరాడు. అక్కడ తిరుగుబాటు నాయకులు పడుకున్న ఇంటి ముందు కాపలావాడు, లోపల నిద్రపోతున్నారు, గోల చెయ్యొద్దన్నాడు.

"అప్పుడేమన్నాడో తెలుసా అమ్మా? గోలా? కాసేపట్లో మీకు కావలసినంత గోల! సైన్యం వచ్చేస్తోంది అన్నాడు. గట్టిగా."

"బాగుంది. తర్వాత?"

"తర్వాత దారిలో దొరికిపోయాడు. కానీ అప్పటికే అందరూ లేచిపోయారు. అమ్మా, మా టీచర్ ఒక క్వశ్చన్ అడుగుతుందట. అతను మెల్లగా చెప్పి ఉంటే? భయపడతారని, 'కొంచెం ప్రాబ్లమ్‌లా ఉంది' అని చెప్పి ఉంటే?"

"పక్కకు తిరిగి పడుకునేవాళ్ళు," అన్నాను.

"సూపర్ అమ్మా!" అని రాసుకుంది.

వంటింట్లోంచి అంకాలమ్మ గొంతు వినిపిస్తోంది. వాళ్ళక్కకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతోంది. "యాక్కా, నీ దొంగేషాలు నాకు తెలుసులే. సీరియస్సంట, సీరియస్సు! మార్చిలో వస్తాండా. నీకు జండూబామూ, పిస్తాలూ తెస్తా. ఇంగ చాలుగానీ, లేసి కూచ్చో!"

గోడ గడియారంలో మూడుకు పది నిమిషాలుంది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. అంకాలమ్మ ఫోన్ కొంగుకు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఏంది మామా, టీ పెట్టల్లా?"

"పెట్టు," అన్నాను.

టీ తాగాను. మూడయింది. నాలుగైంది. ఆరింటికి రామ్మోహన్ వచ్చి టికెట్ సంగతి అడిగితే వెళ్ళనంది అని చెప్పాను. అబద్ధం కాదు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు అంకాలమ్మ ఫోన్ మోగింది. అక్కడ పన్నెండు. నాగేశ్వర వీడియో కాల్. "సూసుకో అక్కా, ఇంగ ఎత్తుతాండారు," అన్న మాట నాకు హాల్లోకి వినిపించింది. లోపలికి వెళ్ళేసరికి ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. తెరనిండా బంతిపూలు. అందులో వాళ్ళక్క కళావతి మొహం చిన్నగా, పసుపు పూసి. ఎవరో అడ్డొచ్చారు. సిగ్నల్ పోయింది.

ఆమె స్టవ్ మీద మాడిపోతున్న తాలింపునే చూసింది. నేనే వెళ్ళి స్టవ్ కట్టేశాను.

"నిన్న నీకు తెలుసునా మామా?"

"తెలుసు."

"పొద్దన్నేనా?"

"పొద్దున్నే."

తల ఊపింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఈరోజు కూడా ఫ్లైటుంది అంకాలమ్మా..."

"ఖలాస్, మామా. ఇంగెవర్ని సూడల్ల?" ఫోన్‌ను గట్టు మీద బోర్లా పెట్టింది. "నాగేశ్వర చెప్పినాడు, మాయక్క ఫోను దాని తలకాడనే పెట్టినారంట. నా మెసేజ్ పోతానే ఎవురో పిల్లోళ్ళు నొక్కినారంట. ఇంటి నిండా జనం ఉండారంట. అందురూ ఇన్యారంట మామా, నేను లేసి కూచ్చో అనింది."