కడుపులో దాగిన శనగగింజ

నేను ఒక స్కానింగ్ యంత్రాన్ని. పార్వతీపురంలోని ఒక చిన్న ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా మనుషుల కడుపులు చూస్తున్నాను. ఏ బిడ్డనైనా తల్లికంటే ముందు చూసేది నేనేనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఎదుటి గదిలోకి ఎండోస్కోపీ యంత్రం వచ్చిన రోజే ఆ గర్వానికి గండి పడింది. దానికి ఏసీ గది, బంతిపూల దండ. నేను వచ్చినప్పుడు కొట్టిన కొబ్బరికాయ కూడా కుళ్లిందే!

అసలు అసూయ మాత్రం సింహాద్రి వల్ల పుట్టింది. అతను బడి వ్యాను డ్రైవరు. ఏడాదిలో నాలుగుసార్లు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ వచ్చాడు. నాలుగుసార్లూ క్లోమం వాచిందని చూపించాను. ఆ వాపు తెచ్చే పిత్తాశయపు రాళ్లు మాత్రం లేవు. అయితే తాగుడేనన్నారు డాక్టరు కామేశంగారు.

"సుక్క ముట్టలేదు బాబూ, పిల్లల మీదొట్టు!" అన్నాడు సింహాద్రి.

"డాకటరు బాబు సెప్పాక కూడా దాస్తావేటి?" అని భార్య ఎర్రయ్యమ్మ మొహం తిప్పుకుంది. ఆ మాట బడిదాకా పాకి, వ్యాను తాళాలు లాగేసుకున్నారు.

అయిదోసారి అతన్ని ఎదుటి గదికి తీసుకెళ్లారు. కొత్తగా వచ్చిన డాక్టరు నస్రీన్ అతని నోట్లోంచి గొట్టం దింపింది. చిన్నపేగు మొదట్లో, క్లోమరసం దిగే ద్వారం దగ్గర, శనగగింజంత కణితి ఆ దారికి అడ్డంగా కూర్చుని ఉంది. వాపంతా దానివల్లేనట, చాలా అరుదట. అదే గొట్టంతో దాన్ని కోసి తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరు కాదని తేలింది.

ఎర్రయ్యమ్మ ఎదుటి గది గడపకు దండం పెట్టింది. నా ఒళ్లు మండిపోయింది. నాలుగుసార్లు చూసిన నాకు లేని దండం, ఒక్కసారి చూసినదానికా!

మూడు నెలలకు అతన్ని మళ్లీ నా దగ్గర పడుకోబెట్టారు. వాపు లేదని చూపించాను. ఎర్రయ్యమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ మిసనేనా, నా మొగుడు తాగుబోతని సెప్పింది?"

కామేశంగారు ఆమె వైపు తిరిగారు.

"అది వాపుందని మాత్రమే చెప్పిందమ్మా. తాగుడన్నది నేను."

"అయితే ఆ ముక్క బడోళ్లకి సెప్పండి బాబూ."

ఆయన తెల్లకాగితం తీసి, నా బల్ల మీదే పెట్టుకుని, తన తప్పు తన చేత్తో రాసి సంతకం చేశారు. సింహాద్రి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

నాకు అసూయ పోలేదు. కానీ ఆ ఉత్తరం రాసింది మాత్రం ఎదుటి గదిలో కాదు.