తెగని కుట్టు

హిందూపురంలో కారు సీట్లకు కవర్లు కుట్టేవాళ్లు పదిమంది దాకా ఉంటారు. నాలాగా కుట్టేవాడు మాత్రం ఒక్కడే, అది నేనే. గొప్పలు పోతున్నానంటారా? పోతాను. ఖాజాసాబ్ వేసిన కుట్టు తెగిందని ముప్పై ఏళ్లలో ఒక్కడు కూడా నా అంగడి మెట్టెక్కలేదు.

అందుకే ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే నరసింహులన్న కొత్త ఎస్‌యూవీ కొనగానే నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు వచ్చిన బండి అది. ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు, టీ తెచ్చినాయనకు రెండుసార్లు చెప్పాడు. నేను సీట్లకు మెరూన్ రెక్సిన్ వేసి, చీర అంచులాగా జరీ రంగు పైపింగు పెట్టి, పక్కలకు నైలాన్ దారంతో రెండు వరసలు బిగించాను. ముందు సీట్ల పక్కన చిన్న గుడ్డ చీటీలు బయటికి కనబడుతుంటే, అందం చెడగొడుతున్నాయని కత్తిరించి బిస్కెట్ డబ్బాలో వేశాను. కొత్త బండ్లకు అవి ఉంటాయి, నేనెప్పుడూ తీసేస్తాను. ఏదీ పారేసే అలవాటు లేదు గనక దాస్తాను.

నెల తిరక్కుండానే, ఒక సోమవారం పొద్దున ఆయన నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఖాజా, చూస్తివా తమాషా! ముందు సీట్ల కుట్టులో లోపం ఉండాదంట, బండి తీసుకోని రమ్మని కంపెనీవాళ్లు మెసేజ్ పెట్టినారు. నీ కుట్టు ఉండంగ వాళ్ల కుట్టుతో నాకేం పనప్పా? మీ వదినను ఎక్కించుకోని బెంగళూరు పోతాండా. పెనుకొండలో టిఫిన్ చేస్తాం."

నాకు పట్టలేనంత సంతోషం వచ్చింది. ఐదు నక్షత్రాల కంపెనీకి కుట్టడం రాదట! పక్క అంగళ్లవాళ్లందరికీ ఆ మాటలు వినిపించాను. చివరికి నా కూతురు అఫ్రీన్‌కూ వినిపించాను. అది డిగ్రీ చదువుతోంది, కంటితో చదివితే గానీ ఏదీ నమ్మదు. నరసింహులన్న తన వాయిస్ మెసేజ్‌తో పాటు పంపిన కంపెనీ మెసేజ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"నాయనా, కుట్టు ఊడిపోతాందని కాదు రాసింది."

"మరేమంట?"

"తెగడం లేదంట."

"తెగకుంటే మంచిదే గదా!"

అది ఫోన్లో ఆ బండి క్రాష్ టెస్టు వీడియో పెట్టింది. ఆ బండిని పక్కనుంచి ఏదో వచ్చి గుద్దింది. గుద్దిన క్షణంలో సీటు పక్కనున్న కుట్టు పటుక్కున తెగింది. అందులోంచి తెల్లటి గాలిసంచి ఉబ్బుకొచ్చి, సీట్లో కూర్చోబెట్టిన బొమ్మమనిషి పక్కటెముకలకు అడ్డం పడింది. కంపెనీవాళ్లు కొన్ని బండ్లకు పొరపాటున గట్టి దారం వేశారట. ఆ దారం తెగకపోతే సంచి బయటికి రాదు.

"దాని పైన నువ్వు ఇంకా రెండు వరసలు బిగించినావు," అంటూ అఫ్రీన్ బిస్కెట్ డబ్బాలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "ఈడ ఇంగ్లీషులో ఎయిర్‌బ్యాగ్ అని రాసిండారు నాయనా."

కాపాడాల్సిన కంచే చేను మేసినట్టు, నా పనితనమే వాళ్ల ప్రాణం మీదికి వచ్చింది. నరసింహులన్నకు ఆరుసార్లు ఫోన్ చేశాను. బండి నడిపేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు, అంత జాగ్రత్త గల మనిషి. భాగ్యలక్ష్మి వదిన ఫోన్ స్విచాఫ్.

"స్కూటీ తీయవే!" అని అరిచాను.

"హెల్మెట్ పెట్టుకో ముందు," అంది అఫ్రీన్.

దారి పొడవునా దాని చెవిలో అరుస్తూనే ఉన్నాను. లారీని దాటమంటే దాటదు, హారన్ కొట్టమంటే కొట్టదు. "మనం పడితే వాళ్లకు చెప్పేదెవరు?" అని నాకే గడ్డి పెట్టింది. పెనుకొండ కొండ కనబడేసరికి నా నోరు ఎండిపోయింది. హోటల్ ముందు మెరూన్ సీట్ల బండి అప్పుడే స్టార్టయి కదులుతోంది. స్కూటీ ఆగీ ఆగకముందే దూకి, బండికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏమప్పా, ఈడికొచ్చినావు?" అన్నాడు నరసింహులన్న అద్దం దించి.

"దిగన్నా! దిగు వదినా!" అని తలుపు తీసి, జేబులోంచి బ్లేడు తీసి, వదిన సీటు పక్క కుట్టు మీద పెట్టాను.

"అయ్యో, బంగారమట్లా సీటు!" అని వదిన కేక వేసింది. నరసింహులన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "పిచ్చి పట్టిందా నీకు? దుడ్లు ఇచ్చి కుట్టించుకునింది కోసేదానికా?"

నా కుట్టు గదా, ఒక పట్టాన తెగలేదు. బ్లేడు విరిగింది. ఇంకోటి తీశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా చేతిపనిని నేనే తిట్టుకున్నాను. ఈలోగా అఫ్రీన్ వాళ్లకు వీడియో చూపించింది.

"బ్లేడుకే లొంగనిది గాలిసంచికి యాడ లొంగుతుందన్నా?" అన్నాను చెమట తుడుచుకుంటూ. "పైది నేను కోసినా, లోపలిది కంపెనీవాళ్లే మార్చాల. బెంగళూరు వద్దు. వదినను బస్సెక్కించి, నువ్వు నింపాదిగా షోరూముకు పో."

నరసింహులన్న విరిగిన బ్లేడు ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. కోపం దిగిపోయింది. "ఖాజా, ఇట్ల ఎన్ని బండ్లకు కుట్టినావు?" అని నెమ్మదిగా అడిగాడు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అంగడికి రాగానే బిస్కెట్ డబ్బా బోర్లించాం. బండికి రెండు చొప్పున ఎనభై ఆరు చీటీలు. చీటీల మీద పేర్లు లేకపోయినా ప్రతి బండీ, దానికి వేసిన రంగూ నాకు గుర్తే. మొదటి ఫోన్ గోరంట్ల టీచరమ్మ ఉమారాణికి చేశాను. ఆమె ఇద్దరు పిల్లలను రోజూ ఆ బండిలోనే బడికి తీసుకుపోతుంది.

"ఖాజాసాబ్‌ను మాట్లాడ్తాండానమ్మా. నేను కుట్టిన కవర్లు..."

"ఏం ఖాజాసాబ్, నీ కుట్టు కూడా తెగిందా?" అని ఆమె నవ్వింది.

"తెగలేదమ్మా," అన్నాను. "అందుకే కోసేయాల. ఇప్పుడే తీసుకోని రాండి."