పదకొండూ మట్టి రంగువే

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాననుకున్నాను.

మాది ఎలుకల ఇల్లు. ముందు గదిలో నేను పెంచేవి రంగుల ఎలుకలు, జనం ముద్దు చేసుకోవడానికి కొనుక్కునేవి. వెనక గదిలో మా చెల్లెలు పెంచేవి మామూలు మట్టి రంగువి, పాములు పెంచేవాళ్లు మేతకి తీసుకెళ్లేవి. నావాటికి పేర్లుంటాయి, తనవాటికి సైజులుంటాయి. అమ్మా నాన్నా పోయాక మాకు ఒకరికొకరమే దిక్కు. ఆరేళ్లుగా ఒకే కుళాయి దగ్గర పంజరాలు కడుగుతూ, ఒకే బస్తాలోంచి రంపపు పొట్టు తీసుకుంటూ బతుకుతున్నాం.

ఆ ఏడాది నాకు లేత తేనె రంగు పిచ్చి పట్టింది. అలాంటి ఆడది నా దగ్గర ఒకటుంది. మగది ఊళ్లో ఒక దర్జీ దగ్గర ఉందని తెలిసి, నెలల తరబడి ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. రెండూ పక్కపక్కన పడుకుంటే ఏది ఏదో నాకే తెలిసేది కాదు. లేత రంగుకి లేత రంగుని జత కడితే పిల్లలన్నీ లేత రంగే. ఈ విద్యలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

మూడు వారాలకి ఈనింది. పదకొండు పిల్లలు. మూసిన రెప్పల కింద నల్ల చుక్కలు కనిపించాయి. లేత రంగు పిల్లలకి అలా ఉండదు. వారానికి బొచ్చు వచ్చింది. పదకొండూ మట్టి రంగువే, అచ్చం వెనక గది సరుకు.

ఇంకేముంది? వెనక గది మగది ఒకటి ముందు గదికి వచ్చి వెళ్లింది. ఎలుక తనంతట తాను గడియ తీయలేదు. కిందటి నెలే చెల్లెలు, "నాకు చోటు చాలట్లేదు, ముందు గదిలో సగం ఇవ్వవూ" అని అడిగింది. నేను కుదరదన్నాను. నా రంగులు చెడితే గది తనదవుతుంది. లెక్క సరిపోయింది.

అప్పటినుంచి తను ఏం చేసినా నాకు అనుమానమే. చేతులు ఎక్కువసేపు కడిగితే ఏ వాసన పోగొడుతోందో అనుకున్నాను. కడక్కపోతే ఎంత ధైర్యమో అనుకున్నాను. ఫోన్లో మాట్లాడుతూ పెరట్లోకి నడిస్తే కిటికీ పక్కన నక్కాను. "రెండు డజన్లు, చిన్నవి" అని మాత్రం వినిపించింది. అదీ నాకు రహస్య సంకేతంలాగే తోచింది.

భోజనాల దగ్గర, "ఈ మధ్య మన ఇంట్లో ఎలుకలకి గడియలు తీయడం వచ్చినట్టుంది" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటుందేమోనని చూశాను. తను తడుముకోలేదు, కూర వడ్డించుకుంది. ఎంత ఆరితేరిపోయిందో అనుకున్నాను.

మర్నాడు ఇక ఉండబట్టలేక మొహం మీదే అడిగేశాను.

"నా ఆడదాని దగ్గరికి నీ మగదాన్ని వదిలావా?"

తను చేతిలోని నీళ్ల సీసా కింద పెట్టింది. "లేదక్కా."

"మరి ఆ రంగు ఎలా వచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"నాకేం తెలుసు? నేను మాత్రం నీ పంజరం గడియ తియ్యలేదు. నా మాట నమ్ము."

"సరే" అన్నాను. ఆ సాయంత్రమే ముందు గదికి తాళం కొన్నాను.

పిల్లలు పాలు మానాక ఆడదాన్ని మళ్లీ ఆ దర్జీ మగదానితోనే కలిపాను. తాళంచెవి మెడలో వేసుకుని తిరిగాను. ఎవరు తీసినా ఊడిపోయేలా తలుపు సందులో వెంట్రుక కూడా అంటించాను. చెల్లెలు రెండుసార్లు నా మెడ వంక చూసింది. అంతకుముందు నా పంజరాల్లో పొట్టు కూడా తనే మార్చేది. ఇప్పుడు నా వాటా పొట్టు తలుపు బయట పెట్టి వెళ్లిపోయేది. తప్పు చేయనిదైతే పోట్లాడదా అని నాకు అనుమానం ఇంకా ముదిరింది.

రెండో ఈతలో తొమ్మిది. తొమ్మిదింటికీ రెప్పల కింద నల్ల చుక్కలే. వెంట్రుక మాత్రం అంటించిన చోటే ఉంది.

వారం ఆగి, బొచ్చు కూడా చూసుకుని, ఆడదాన్నీ మగదాన్నీ చెరో బుట్టలో పెట్టుకుని దర్జీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కుట్టుమిషను దీపం కింద ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని చూశాడు.

"కళ్లు చూడమ్మా. నీదానివి గులాబీ రంగు, నాదానివి దానిమ్మ గింజ ఎరుపు. పైకి ఒకే రంగైనా రెండింటి లోపం వేరు. దీనిలో లేనిది దానిలో ఉంది, దానిలో లేనిది దీనిలో ఉంది. పిల్లలకి రెండువైపుల నుంచీ మంచిదే అందింది, మట్టి రంగు వచ్చింది. అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ణి కదా."

రెండు నెలలపాటు చెల్లెలి కళ్లలో దొంగతనం వెతికాను. ఎలుక కళ్లు ఒక్కసారైనా దీపం కింద చూడలేదు. సిగ్గేసింది. కానీ నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది కూడా. మా చెల్లెలు దొంగ కాదు! దారంతా ఆ సంబరంతోనే వచ్చాను.

తను కుళాయి దగ్గర పంజరం తోముతోంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. "తప్పంతా నాదేనే. నువ్వేం చేయలేదు" అన్నాను.

"ఆ ముక్క నేను అప్పుడే చెప్పాను కదక్కా."

"చెప్పావు."

"నేను చెప్తే చాల్లేదు. ఎలుకలొచ్చి సాక్ష్యం చెప్తే నమ్మావు." తను కుళాయి కట్టేసింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈసారి పిల్లలు తేనె రంగువే పుట్టి ఉంటే?"

తాళం పనిచేసిందనుకునేదాన్ని. ఇక జన్మలో ఆ తాళం తీసేదాన్ని కాదు. అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను.

"దొంగవనే అనుకునేదాన్ని."

తను తలూపింది. కోపం కూడా లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

తన దగ్గర ఎలుకలు కొనే పాములాయన షెడ్డులో చోటిస్తానన్నాడట. ఆదివారం వెనక గది పంజరాలన్నీ బయటికి వచ్చాయి. పెద్దవాటికి ఇద్దరు కావాలి. నేను వెళ్లి ఒక చివర పట్టుకున్నాను, తను వద్దనలేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, వెనక్కి చూడకుండానే, ఎప్పుడూ అన్నట్టే, "చూసుకో అక్కా, మెట్టుంది" అంది.

నేను పంజరం పట్టుకునే భోరుమన్నాను. తను ఆగలేదు. బరువు ఇద్దరి చేతుల్లోనూ ఉంది కాబట్టి నేనూ నడిచాను.